మైకు దించినంక

వికారాబాద్: తమ్మీ, నువ్వు వీడియోలల్ల మాట్లాడుడు బంద్ చేసి పది నెలలాయె. నీ మాట మాత్రం బంద్ కాలే. మొన్న పరిగి బస్సుల నా పక్క సీటాయన ఫోన్ల నీ గొంతే ఇనబడ్డది. అవే పదకొండు సెకన్లు. “రైతు చేతిల పైసలు పెడితె భూమి సంగతి మర్చిపోతడు.” నలబై నిమిషాల మాటలకెల్లి ఆ ముక్క కోసి పెట్టిన్రని నాకెరుక. బస్సుల ఉన్న యాభై మందికి ఎట్ల ఎరుకైతది? అబద్ధం మీద పడ్డప్పుడు నోరు మూసుకుంటె ఒప్పుకున్నట్టే లెక్క. పోయి చెప్పు. గట్టిగ చెప్పు.

తాండూరు: చెప్పిన అన్నా. మొదటి వారం నిద్ర లేకుంట చెప్పిన. ఆ మాటను “కొందరు ఆఫీసర్లు ఏమనుకుంటరంటే” అని మొదలుపెట్టిన. “అట్ల అనుకునేటోళ్లు రైతును ఎన్నడు దగ్గరకెల్లి చూడలే” అని ముగించిన. తల కోసిన్రు, తోక కోసిన్రు, నడుమ ముక్క నా మొఖానికి అతికిచ్చిన్రు. పూర్తి వీడియో పెడితె నాలుగు వేల మంది చూసిన్రు. ముక్కను ఆరు లక్షల మంది చూసిన్రు. నేను జవాబు చెప్పిన ప్రతిసారి ఆ ముక్క మళ్ల పైకి లేసింది. ఎవడు మెచ్చుకున్నడు, ఎవడు తిట్టిండు అనేది వీడియోలను ముంగటికి తెచ్చే ఆ మిషన్‌కు పట్టదు. ఎంతసేపు చూసిన్రు, కింద ఎందరు రాసిన్రు, ఎందరికి పంపిన్రు, గంతే చూస్తది. నా కాదనుడు కూడ దానికి మేతే అయింది. మేత ఏసుడు మానిన.

వికారాబాద్: కోపం మీద కామెంట్లల్ల చెప్పుడు వేరు, కాయిదం మీద చెప్పుడు వేరు. ముప్పై ఏండ్లు వకీలు దగ్గర గుమాస్తాగ చేసినోన్ని, నాకు తెలిసిన తొవ్వ చెప్త. 2021ల వచ్చిన ఐటీ రూల్స్ ప్రకారం ఇసొంటి వీడియోలు తిప్పే కంపెనీలు, ఆన్‌లైన్ల వార్తలు పెట్టే సంస్థలు ఫిర్యాదులు తీసుకునేటందుకు ఒక అధికారిని పెట్టాలె. రూల్స్‌ల పెట్టిన గడువు లోపల జవాబు తేల్చాలె. పరువు నష్టం దావా ఏసేటందుకు అది బయటికొచ్చిన దినం నుంచి ఏడాదే గడువు. నీకు ఇంక రెండు నెలలే ఉన్నది. గడువు దాటినంక నీ దగ్గర ఎంత నిజమున్నా కోర్టు మెట్ల కాడనే ఆగిపోతది.

తాండూరు: దావా ఏస్తె ఏమైతదో నాకంటె ఎవరికి ఎరుక? అవుతలి దిక్కు కూసోని తంబ్‌నెయిళ్లు చేసినోన్ని నేను. మొదటి వాయిదాకు ఒకటి, రెండో వాయిదాకు ఒకటి. కోర్టు వరండల నేను చెమట తుడుసుకుంటున్న ఫొటో పెట్టి, దాని పక్కన ఎర్ర గీత గీసి, ‘అడ్డంగ దొరికిండు’ అని రాస్తరు. తీర్పు వచ్చేటాల్లకు నా పేరు, ఆ పదకొండు సెకన్లు విడదియ్యరాకుంట అతుక్కుపోతయి. స్పెయిన్ల మారియో కోస్తెహా అనే ఆయన సంగతి నువ్వే చెప్పినవు గదా. 1998ల బాకీ కింద ఆయన ఆస్తి వేలం నోటీసు పేపర్ల పడ్డది. బాకీ తీరినంక ఎన్నేండ్లకు కూడ గూగుల్ల పేరు కొడితె అదే వచ్చేది. కొట్లాడిండు. 2014 మే 13 నాడు యూరప్ కోర్టు ఆయన దిక్కే తీర్పు చెప్పింది. లోకం మొత్తానికి ‘మరిచిపోయే హక్కు’ అనే మాట తెలిసింది. ఇప్పుడు ఆయన పేరు ఎవరు తీసినా ఆ వేలం సంగతితోనే తీస్తరు. గెలిచినోని గతే అది.

వికారాబాద్: ఆయన ఒక్కని పేరు మిగిలింది నిజమే. ఆయన కొట్లాటతోని లక్షల మంది బయటపడ్డరు. మన దగ్గర 2017ల తొమ్మిది మంది జడ్జీలు కూసోని వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్నరు. 2023ల డేటా చట్టం వచ్చింది, 2025 నవంబర్‌ల దాని రూల్స్ వచ్చినయి, అండ్ల అసలు సంగతులు అమలుకు ఏడాదిన్నర టైం పెట్టిన్రు. చట్టం నడుచుకుంట వస్తది, నేను కాదనను. ఎవడో ఒకడు ముంగటికి పోకుంటె అది కూడ రాదు. సరే, కోర్టు ఇడిసిపెట్టు. మీ తాండూరు సంగతే చెప్త. 1967ల మర్రి చెన్నారెడ్డి తాండూరు నుంచి గెలిస్తె వందేమాతరం రామచంద్రరావు ఆ ఎన్నిక మీద కోర్టుకు పోయిండు. ఎన్నిక చెల్లదన్నరు. ఆరేండ్లు నిలబడొద్దన్నరు. 1968ల కేంద్రంల ఉక్కు మంత్రి పదవి ఇడిసి రావాల్సొచ్చింది. మాకు అప్పుడు చిన్నతనం, మా నాయన అంగడికాడ ఆ ముచ్చటే చెప్పెటోడు, ఆయన పని అయిపోయిందని. మరుసటేడు తెలంగాణ ఉద్యమం ముంగట ఉన్నది ఎవరు? 1978ల ముఖ్యమంత్రి అయింది ఎవరు? ఇంట్ల తలుపేసుకోని కూసుంటె అయ్యేదా?

తాండూరు: ఆయనది కోర్టు చెప్పిన తప్పు, నా మీద పడ్డది కోసి అతికిచ్చిన తప్పు, రెండు ఒకటి కాదు. ఇంకో సంగతి. ఆ తీర్పు పేపర్ల వచ్చింది. తెల్లారి ఆ పేపర్ల బజ్జీలు కట్టిచ్చిన్రు. ఆరేండ్లకు జనం వేరే ముచ్చట్లల్ల పడ్డరు. నా ముక్కకు పాతబడుడు లేదు. రేపు పిల్లగాడెవడో ఫస్ట్‌టైం చూస్తె వానికది ఇయ్యాల్టి వార్తే. అన్నిటికంటె పెద్ద తేడా ఏందంటె, చెన్నారెడ్డికి మళ్ల గదే మైదానంల దిగాలని ఉండె. నాకు లేదు.

వికారాబాద్: మైదానంల దిగకుంటనే నిలబడొచ్చు. కొల్లాపూర్ల బర్రెలక్కను ఒక చిన్న వీడియోకు నవ్వులపాలు చెయ్యాలని చూసిన్రు. 2023ల ఈల గుర్తు మీద నిలబడి ఐదు వేల మీద ఓట్లు తెచ్చుకున్నది.

తాండూరు: నిలబడ్డది, దండం పెడత. అది ఓట్ల మైదానమే గదన్నా.

వికారాబాద్: ఒప్పుకున్న. ఆ పోలిక సరిగ కుదరలే. నా అసలు బాధ ఇంకోటి. ఆ ముక్క నీ ఒక్కని మీదనే పడలే. మన జిల్లల భూమి పోతదని భయపడ్డోళ్ల మీద పడ్డది. లగచర్ల యాదికి తెచ్చుకో. 2024 నవంబర్ 11 నాడు కలెక్టర్ జనం మాట ఇననీకె పోతె దాడి అయింది. దాడి తప్పే, నేను వెనకేసుకొస్తలే. తెల్లారేటాల్లకు ఊరు ఊరంతా రెండు బొమ్మలయింది. ఒక చానల్ల అందరు రౌడీలు, ఇంకో చానల్ల అందరు వీరులు. రెండెకరాలు పోతె పిల్ల పెండ్లి ఎట్ల అని రాత్రి నిద్ర పట్టని మనిషి ఏ బొమ్మల లేడు. ఆ మనిషి గురించి మాట్లాడేటోడివి నువ్వే. నువ్వు పారిపోతె వాని తరఫున ఎవడు మాట్లాడతడు? ‘చూసిన్రా, రైతుల కోసం మాట్లాడినోడే పైసలతోని అయిపోతదన్నడు’ అని నీ ముక్క పట్టుకోనే వాని నోరు మూస్తున్నరు.

తాండూరు: ఈ మాట నన్ను తాకింది అన్నా. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్నంత చెప్త. నేను మొదలుపెట్టింది కందుల వీడియోలతోని. మార్కెట్ యార్డుల కుప్పల పక్క నిలబడి ఇయ్యాల్టి రేటు చెప్తుండె. 2022 డిసెంబర్ల తాండూరు కందికి జీఐ గుర్తింపు వచ్చిన్నాడు పండుగ లెక్క చేసుకున్న. యాలాల రైతుల కంపెనీ దరఖాస్తు పెట్టిన సంగతి, ఈ నల్లరేగడిల, కింద సున్నపురాయి ఉన్న నేలల పండిన పప్పు ఎందుకు తొందరగ ఉడుకుతదో, వండినంక ఎందుకు ఖరాబు కాదో, ఇరవై నిమిషాలు కూసోని చెప్పిన. రెండు వందల మంది చూసిన్రు. అదే రాత్రి ఒక లీడర్‌ను మూడు నిమిషాలు తిట్టిన. పొద్దటికి లక్ష. ఆ పొద్దు నా లోపల ఏదో తిరిగింది. 2023 ఎలక్షన్లు వచ్చేటాల్లకు ఏం మాట్లాడాల్నో రాసిచ్చేటోళ్లు వచ్చిన్రు. మైకుకు లోగో వచ్చింది. చాయ్ హోటల్ల నాకంటె పెద్దోళ్లు లేసి కుర్చీ ఇచ్చుడు మొదలైంది. రైతు తరఫున మాట్లాడుతున్న అనుకున్న. చెప్పాలంటె రైతును పెట్టుకోని మాట్లాడిన. మళ్ల మైకు పడితె మళ్ల గదే నోరు వస్తది నాకు. తాగుడు మానినోన్ని, న్యాయం కోసం ఒక్క గ్లాసు తాగుమంటె ఎట్ల?

వికారాబాద్: మౌనం మందు లెక్క పనిచేస్తదని నీ నమ్మకం.

తాండూరు: మౌనం కాదన్నా, పని. మా తాత అనంతగిరి టీబీ దవాఖానల ఉండి వచ్చిండు. తగ్గిందని డాక్టర్ రాసిచ్చిన చీటీ తెచ్చి ఊరందరికీ చూపిచ్చిండట. ఎవ్వరు నమ్మలే. ఏడాది దాక ఆయన గిలాస వేరే పెట్టిన్రు. ఆయన రోజు పొద్దున లేసి అందరి నడుమ నాగలి పట్టిండు. దగ్గు లేదు, దమ్ము లేదు. ఒక పొద్దు ఎవరో ఏం అనకుంటనే తమ ముంతల నీళ్లు పోసిన్రు. చీటీ చెయ్యలేని పని ఏడాది చేసింది. నాది కూడ గంతే. బండల పాలిషింగ్ కాడ లెక్కలు రాస్త. మొదటి దినం ఒక హమాలీ ఫోన్ తీసి, నా మొఖం పక్కన పెట్టి చూసిండు. ‘నువ్వే గదా?’ అన్నడు. నేనే అన్న. నవ్విండు, పోయి బండ ఎత్తుకున్నడు. ఆయననే నెల రోజులకు బండ చూసుడు నేర్పిండు. సుత్తితోని మెల్లగ కొట్టి చెవి పెట్టి ఇనాలె. ఖంగుమంటె మంచిది. డబ్బ లెక్క మోగితె లోపల నెర్రె ఉన్నట్టు, మీద ఎంత నున్నగ ఉన్నా లారీల ఒరుగుతది. ఇప్పుడు సేటు చెక్కుబుక్కు నా దగ్గరనే పెట్టి హైదరాబాద్ పోతడు. ఆరు లక్షల మందిల ఒక్కడు కూడ నాకు అంత నమ్మకం ఇయ్యలే.

వికారాబాద్: మంచిది. సంతోషం తమ్మీ, మనసుల కెల్లి చెప్తున్న. ఒక్క మాట అడుగుత, కోపానికి రాకు. మీ తాత తన రోగం ఎవ్వరికీ అంటియ్యలే. నువ్వు?

తాండూరు: ఏ సంగతి అడుగుతున్నవో ఎరుక.

వికారాబాద్: మా గల్లీల అంగన్‌వాడీ టీచరమ్మ. నీ కెమెరా ముంగట ఖరాబు కోడిగుడ్డు పగలగొట్టి పెట్టినవు. ఆమె ఏడుస్తుంటె జూమ్ చేసినవు. గుడ్లు వాసనొస్తున్నయని ఆమె అప్పటికి రెండుసార్లు పైకి రాసిచ్చింది. ఆ కాయిదాలు నీకు చూపిచ్చింది. నీ వీడియోల ఆ కాయిదాలు లేవు.

తాండూరు: లేవు. ఉంటె కథ కాంట్రాక్టర్ మీదికి పోతది. కాంట్రాక్టర్ దొరకడు, ఫోన్ ఎత్తడు, ఏడ్వడు. ఆమె దొరికింది. మూడు లక్షల మంది చూసిన్రు. నా పదకొండు సెకన్లు వచ్చిన రాత్రి నాకు మొదలు యాదికొచ్చిన మొఖం ఆమెదే. ఆ వీడియో తీసేసిన. తీసేస్తె ఏమైంది, వేరే లోగోలతోని నాలుగు కాడ ఉన్నది. మీ గల్లీ దాక రెండుసార్లు వచ్చిన అన్నా. మూల మీద కిరాణం కాడ నిలబడి ఎనుకకు తిరిగి పోయిన.

వికారాబాద్: ఇందుకే చెప్తున్న, నీ మౌనం సగం మంచిది, సగం చెడ్డది. నీ మీద పడ్డ అబద్ధం గురించి నోరు మూసుకుంటవా, అది నీ హక్కు, నేను జోరు చెయ్య. నువ్వు ఇంకొకరి మీద పెట్టిన అబద్ధం గురించి నోరు మూసుకునే హక్కు నీకు లేదు. మూడు లక్షల మంది ముంగట అన్నవు, ఆ మూడు లక్షల మంది ముంగటనే కాదనాలె. పంచాయితీల తిట్టి, ఇంటి ఎనుక వచ్చి మాఫీ అడిగితె అది మాఫీయేనా?

తాండూరు: దానికోసం ఎన్ని రాత్రులు ఆలోచన చేసిన్నో. ముంగట కూసోని మాఫీ వీడియో చేస్త అనుకో. ఏమైతది? ‘కన్నీళ్లు పెట్టుకున్న ఫలానా’ అని నా పేరు మళ్ల లేస్తది. మంచోడు, ఒప్పుకున్నడు అని నాకు మెప్పులు వస్తయి. ఆమె ఏడ్చిన ఆ బొమ్మ మళ్ల తిరుగుతది. ఈ రెండేండ్లల్ల కొత్తగ వచ్చిన పిల్లల తల్లులు, ఆ ముచ్చటే తెల్వనోళ్లు, అప్పుడు చూస్తరు. నా మనసు తేలికయితది, ఆమె బరువు పెరుగుతది. మాఫీ పేరుతోని ఆమెను రెండోసారి వాడుకున్నట్టయితది. ఇంటికి పోయి చెప్తనా, నువ్వన్నట్టు అది ఇంటెనుక మాఫీ. రెండు దిక్కుల గోడనే కనబడ్తున్నది.

వికారాబాద్: ఈ మాటకు నేను ఆగాల్సిందే. కోర్టుల తప్పు అయితె సవరణ కాయిదం ఒకటి ఉంటది, దాన్ని ఎనుకటి కాయిదం పక్కన కుడతం. రేపు ఎవడు ఫైలు తీసినా రెండు కనబడతయి. నీ లోకంల కుట్టేటందుకు దారం లేదు. అబద్ధం ఒక తొవ్వల పోతది, సవరణ ఇంకో తొవ్వల పోతది, రెండు కలవయి. నేను నలబై ఏండ్ల కిందటి లెక్కతోని నీకు సలహా చెప్తున్ననేమో. ఇంకోటి కూడ ఒప్పుకోవాలె. ఆ పదకొండు సెకన్లు మొదలు వచ్చినప్పుడు నేను కూడ నమ్మిన. నిన్ను చిన్నప్పటి సంది ఎరిగినోన్ని, నాలుగు దినాలు నమ్మిన. మా తమ్మునికి పంపిన కూడ. నీ పూర్తి వీడియో చూసినంక నాకు నేను సిగ్గుపడ్డ. తమ్మునికి మాత్రం ఇది తప్పని మళ్ల పంపలే.

తాండూరు: పంపినవా అన్నా?

వికారాబాద్: పంపిన. అందుకే నీ ఎంట పడుతున్న. నువ్వు నిలబడి కాదంటె నా తప్పు కూడ సవరణ అయితదని లోపల ఉన్నదేమో.

తాండూరు: నీ మీద నాకేం లేదు. నా మీద నాకే మస్తుగ ఉన్నది.

వికారాబాద్: ఊకె ఉంటె తగ్గదు తమ్మీ. పెండ్లి సంబంధం సంగతి ఏమైంది?

తాండూరు: పిల్ల అన్న ఫోన్ల పేరు కొట్టి చూసిండు. ఇంటికి వచ్చినోళ్లు చాయ్ తాగకుంట లేసిన్రు. వాళ్లను తప్పు పట్ట. నేనైనా గదే చేస్తుంటి.

వికారాబాద్: అదే నేను చెప్పేది. నీ సేటు, నీ హమాలీ, ఈ బజారు, రెండు వందల మంది. వాళ్ల నడుమ నువ్వు మంచోడివి అయినవు. ఈ బజారు దాటితె నువ్వు ఆ పదకొండు సెకన్లే. అమెరికల మోనికా లెవిన్‌స్కీ పేరు ఇన్నవు గదా. 1998ల లోకం మొత్తం ఆమె మీద పడ్డది. ఆమె కూడ నీ లెక్కనే తప్పుకున్నది. లండన్ పోయి పెద్ద చదువు చదివింది, 2006ల పట్టా తెచ్చుకున్నది. ఉద్యోగానికి పోతె పేరు దగ్గరనే ఆగిపోయింది. చదువు, మౌనం, టైం, మూడు చాలలే. 2014ల కలం పట్టి తన సంగతి తాను రాసింది. మరుసటేడు వేదిక మీద నిలబడి సిగ్గు గురించే మాట్లాడింది. అప్పుడే ఆమె జీవితం ఆమె చేతికొచ్చింది.

తాండూరు: లెక్క చూడు అన్నా. 1998 కెల్లి 2014, పదహారేండ్లు. ఆమెకు పదహారేండ్లు ఇచ్చినవు, నాకు పది నెలలు కూడ ఇయ్యవా? ఎప్పుడు మాట్లాడాలె అనేది ఆమె అనుకున్నది, గడువు పెట్టింది ఎవరు? నేను ఎన్నడు మాట్లాడ అంటలే. ఇప్పుడు నా నోట్ల ఉన్నది కోపమే. కోపంతోని మాట్లాడితె అది మళ్ల వీడియోనే అయితది. ఎప్పుడో ఒకనాడు కందుల గురించి మాట్లాడినట్టు, గొంతు పెంచకుంట, దీని గురించి మాట్లాడొస్తె అప్పుడు మాట్లాడుత. రాకుంటె బండలు లెక్కపెడుత.

వికారాబాద్: ఆమె మీద పడ్డోళ్లకు ఆమె జవాబు బాకీ లేదు. నువ్వు ఒకరికి బాకీ ఉన్నవు. ఆ టీచరమ్మకు పదహారేండ్లు ఆగుమని నువ్వు చెప్పలేవు.

తాండూరు: చెప్పలేను.

వికారాబాద్: ఆమె పొద్దున తొమ్మిదికి సెంటర్ తెరుస్తది. ఇప్పటికీ గుడ్డు ఇచ్చే ముంగట తల్లి కండ్ల ముంగటనే వెలుతురుకు పెట్టి చూపిస్తది, ఒక్కొక్క గుడ్డు. వెనుకట గా అలవాటు లేకుండె.

తాండూరు: ఎందరు తల్లులు వస్తరు?

వికారాబాద్: ఇరవై పైననే.

తాండూరు: రోజు, ఇరవై సార్లు.

వికారాబాద్: రోజు.

తాండూరు: అన్నా, ఒక పని చేస్తవా? నా తరఫున మాఫీ అడగకు. నేను మంచిగ మారిన అని చెప్పకు. ఒక్కటే అడుగు. నేను వస్తె ఆమెకు ఇష్టమేనా, వద్దా? కెమెరా ముంగటనా, ఇంటి లోపలనా, అసలు ఏం వద్దా? ఆ కాయిదాలు రెండు ఆమె దగ్గర ఇంక ఉంటె, వాటిని జనానికి చూపించాలె అనుకుంటె, నా మొఖం లేకుంట, ఆమె మొఖం లేకుంట, కాయిదాలు మాత్రమే ఎట్ల చూపియ్యాల్నో నాకొచ్చు. అది ఆమె చెప్తేనే.

వికారాబాద్: అడుగుత. తిట్టి తలుపేస్తె?

తాండూరు: తలుపేసిందని నాకు చెప్పు.

వికారాబాద్: చెప్త. నీ దావా గడువు మాత్రం ఇంక రెండు నెలలే ఉన్నది. కాయిదాలు తయారు చేసి పెడుత, సంతకం జాగ ఖాళీగ ఉంచుత.

తాండూరు: ఖాళీగనే ఉంటది అన్నా.

వికారాబాద్: ఉండనీ. మా తమ్మునికి ఇయ్యాల రాత్రి ఫోన్ చేస్త.